పర్లాకిమిడి పిల్ల, బరంపురం ముసలమ్మ

ఒడిశాలోని బరంపురంలో మా అత్తవారి నేతవాళ్ళ వీధిలో ఎవరి వయసెంతో అడగనక్కరలేదు. ఇంట్లో ఎక్కడ కూర్చున్నారో చూస్తే చాలు. ఏడెనిమిదేళ్ళ పిల్లలు రాట్నం ముందు కండెలు చుట్టేవారు. వేళ్ళు కాస్త కుదిరాక తెగిన పోగులు అతికేవారు. మీసం మొలిచాక గుంట మగ్గంలోకి కాళ్ళు దించేవారు. అక్కడి నుంచి ముప్పై, ముప్పై అయిదేళ్ళు పడుగూ పేకా తప్ప మరో లోకం లేదు. ఆ తర్వాత ఒకనాడు, ఎవరూ పొమ్మనకుండానే, ఆ మనిషి గుంటలోంచి లేచి వచ్చి మనవల పక్కన మళ్ళీ రాట్నం ముందు చేరేవాడు. ఆడవాళ్ళ సంగతి వేరు. వాళ్ళు ఏ వయసులోనూ రాట్నాన్ని వదిలిందే లేదు. మధ్యలో పొయ్యీ పురుళ్ళూ అదనం.

నేను 1983లో ఆ ఇంటికి కోడలిగా వెళ్ళేనాటికి మావయ్యగారికి యాభై కూడా నిండలేదు. అయినా ఆయనకు మగ్గంతో రుణం తీరిపోయే రోజులు వచ్చేశాయి. నలభై దాటాక కంటిలోని కటకం గట్టిపడుతుంది, దగ్గరి వస్తువు మీద చూపు నిలవదు. చత్వారం అందరికీ వచ్చేదే. గుమాస్తాకు వస్తే కాగితాన్ని కాస్త దూరంగా పట్టుకుంటాడు. పట్టు నేసేవాడికి ఆ వెసులుబాటు లేదు, పోగు ఎక్కడుందో కన్ను అక్కడికే వెళ్ళాలి. మావయ్యగారు కళ్ళద్దాలు పెట్టుకున్నారు, బల్బు కిందికి దించారు, మబ్బు రోజుల్లో నేయడం మానేశారు. చివరికి గుడి ఆకారాలు వచ్చే ఫొడా కుంభ అంచు వేస్తున్నప్పుడు పోగుల లెక్క రెండుసార్లు తప్పారు. ఆ చీర పూర్తయ్యాక మగ్గం పెద్దకొడుక్కి, అంటే మా ఆయనకు అప్పగించారు.

అప్పటిదాకా ఆ ఇంట్లో ఆయన గొంతు నేను పెద్దగా వినలేదు. అన్నం పెట్టమని కూడా నోటితో అడిగేవారు కాదు, పీట లాగిన చప్పుడే పిలుపు. అటువంటి మనిషి రాట్నం ముందుకు మారిన నెల తిరక్కుండానే కబుర్ల పోగు అయిపోయారు. మహురి రాజావారు రాజమహేంద్రవరం నుంచి నేతగాళ్ళను పిలిపించి బరంపురంలో నిలిపిన కథ మొదలుకొని, వీధిలో ఎవరి తాత ఎవరికి ఎంత బాకీ పడ్డాడో దాకా పిల్లలకు చెప్పేవారు. పెద్దతనం వస్తే మనిషి మెత్తబడతాడని అందరూ అన్నారు. నేను మాత్రం వేరేగా అనుకున్నాను. మగ్గం మీద నోరు విప్పితే లెక్క తప్పుతుంది. కండె చుట్టే చేతికి లెక్కతో పని లేదు, నోరు ఖాళీగా ఉంటుంది. మారింది ఆయన చేతిలో పని. మాట అప్పటిదాకా లోపలే ఉండి ఉంటుంది.

అప్పటి నుంచీ నాకు అదొక పిచ్చి. ఎవరైనా మారిపోయారని విన్నప్పుడల్లా వాళ్ళ చేతిలోంచి ఏ పని పోయిందో, ఏ పని వచ్చిందో వెతుకుతాను. వెనక్కి వెళ్ళి మా పర్లాకిమిడి ఇంటిని కూడా అలాగే తిరగేశాను.

మహేంద్రతనయ ఒడ్డున ఉన్న ఊరు అది. ఏరు దాటి కాస్త నడిస్తే పాతపట్నం, అంటే ఆంధ్ర. నాన్న 1926లో పుట్టారు. ఆయన పదేళ్ళ పిల్లవాడుగా ఉండగా, 1936 ఏప్రిల్ 1న, ఒరిస్సా కొత్త రాష్ట్రమై ఊరు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి అటు వెళ్ళిపోయింది. "నిద్రలేచేసరికి రాష్ట్రం మారింది, పడుకున్న చాప మాత్రం అదే" అనేవారు. మరుసటి ఏడు మా ఊరి మహారాజు కృష్ణచంద్ర గజపతి నారాయణ దేవ్ ఆ రాష్ట్రానికి మొదటి ప్రధాని అయ్యారు. అదే రోజుల్లో గిడుగు రామమూర్తి పంతులుగారు ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. పంతులుగారు 1880లో పదిహేడేళ్ళ ప్రాయంలో రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరినవారు. కొండల్లో సవరల మధ్య తిరిగి వాళ్ళ భాష నేర్చుకున్నారు, మలేరియా తెచ్చుకున్నారు, దానికి వాడిన క్వినైను వల్ల వినికిడి దెబ్బతీసుకున్నారు. చెవులు సరిగా వినపడని మనిషే జనం నోట్లో ఉన్న మాట పుస్తకాల్లోకి రావాలని పట్టుబట్టారు. బతుకంతా ఒకే ఊళ్ళో గడిపి డెబ్భై దాటాక సామాను సర్దుకోవడం ఎలా ఉంటుందో నాన్న చాలాసార్లు తలచుకునేవారు. తాను మాత్రం కదలలేదు. ఒడియా నేర్చుకుని కచేరీలో గుమాస్తాగా కుదిరారు. మగ్గం వదిలిన మొదటి తరం ఆయనది.

నా చిన్నతనంలో నాన్న అంటే భయం. ఇంట్లో కూడా ఫైళ్ళు తిరగేస్తున్నట్టే మాట్లాడేవారు. అమ్మ దానికి పూర్తిగా విరుద్ధం. నాయనమ్మ చూడకుండా కొంగు చాటున బెల్లం ముక్క అందించేది. నాయనమ్మకు అటక మీద ఏముందో, డబ్బాలో ఎన్ని గిద్దల పప్పుందో తెలుసు. వంటింట్లో వెన్నా మీగడా ఉట్టి మీద ఉండేవి. ఆ ఉట్టి కిందే నేను పెరిగానని చెప్పుకోవచ్చు. నాకు అందడానికి మొదట పీట కావలసి వచ్చింది, తర్వాత మునివేళ్ళు చాలాయి. సరిగ్గా అప్పుడే నాయనమ్మకు అందడం మానేసింది. వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ళలు వయసుతో నీరు తగ్గి పలచబడతాయనీ, ముసలివాళ్ళు నిజంగానే పొట్టివాళ్ళవుతారనీ ఇప్పుడు తెలుసు. అప్పుడు మాకు తెలియదు, ఆవిడకూ తెలియదు. "ఉట్టి తాడు ఎవరే పైకి కట్టారు?" అని ఇంటిల్లిపాదినీ నిలదీసింది. అమ్మ మారుమాట్లాడకుండా తాడు కాస్త వదులు చేసి కిందికి దించింది. దాంతో వెన్న మా తమ్ముడికి కూడా అందుబాటులోకి వచ్చింది, ఇంట్లో కొత్త గొడవలు మొదలయ్యాయి.

నాయనమ్మ పోయిన తర్వాత సామాను గది తాళంచెవులు అమ్మ బొడ్డులోకి వచ్చాయి. ఏడాది తిరిగేలోగా బెల్లం ఆగిపోయింది. చింతపండు లెక్క, కిరసనాయిలు లెక్క, నెయ్యి గిన్నె మీద మూత పెట్టారా లేదా అన్న వాకబు. ఎప్పుడూ గొంతెత్తని అమ్మ నన్ను "దుబారా మనిషి" అన్న రోజు నాకు బాగా గుర్తు. ఆ మాట నాయనమ్మది. అమ్మ మంచితనం ఏమైందని అప్పుడు ఏడ్చాను. తాళంచెవులు ఉన్నవాళ్ళకు నెలాఖరు కనిపిస్తుంది, లేనివాళ్ళకు బెల్లం కనిపిస్తుంది అని ఆలోచించే వయసు కాదు నాది.

పదమూడో ఏట నేను పెద్దమనిషినయ్యాను. మా ఇళ్ళలో పద్ధతి అందరికీ తెలిసిందే. మూలగదిలో చాప, విడిగా కంచం, చిమ్మిలి ఉండలు, సాయంత్రం పేరంటాళ్ళ పాటలు. ఎవరూ ఏమిటో చెప్పరు, అందరూ నవ్వుతారు. అవి రొజొ పండుగ రోజులు కావడం నా ఖర్మ. మా గోడకు అవతల ఒడియా మౌసీ ఇల్లు. మిథున సంక్రాంతికి అటూ ఇటూ మూడు రోజులు భూమి ఋతుమతి అవుతుందని వాళ్ళ నమ్మకం. ఆ మూడు రోజులూ నేలలో నాగలి దించరు, రోట్లో రుబ్బరు. ఆడపిల్లలు పాదాలకు అల్తా పెట్టుకుని, కొత్తబట్టలు కట్టి, చెట్టుకు వేసిన ఉయ్యాల ఊగుతారు, పొడొ పిఠా అనే కాల్చిన పిండివంట తింటారు. అదే సంగతికి గోడకు ఇటు చీకటి మూల, అటు ఉయ్యాల. కిటికీలోంచి ఉయ్యాల తాడు వచ్చిపోతూ కనిపిస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. మౌసీ కూతురు పిఠా ముక్క ఆకులో చుట్టి కిటికీలోంచి నా ఒళ్ళోకి విసిరింది. తర్వాత తర్వాత తెలిసిందేమిటంటే, ఉయ్యాల ఆ మూడు రోజులకే, నెలనెలా వాళ్ళకూ అంటూ ముట్టూ ఉన్నాయని. అయినా ఏడాదికి మూడు రోజులైనా పండుగ ఉండడం మేలు. ఈ మాట మీద మా అత్తగారితో తర్వాత చాలాకాలం వాదించాను.

అమ్మమ్మగారి ఊరు గుణుపురం. అక్కడికి వెళ్ళేది చిన్న రైలులో. నౌపడా నుంచి మా ఊరికి 1900లో వేసిన లైను అది, 1931లో గుణుపురం దాకా సాగింది. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులు. నాకు ఊహ తెలిశాక రైలంటే అదే. అంతకంటే పెద్దది ఉంటుందని, నౌపడాలో మెయిన్ లైను మీద మెయిలు దూసుకుపోతుంటే చూసేదాకా తెలియదు. ఆ గాలికి నా జడ రిబ్బను ఊడిపోయింది. తిరిగి మా రైలు ఎక్కితే పెట్టె ఇరుకైపోయింది, బల్లలు పొట్టివైపోయాయి. కాలేజీ రోజుల్లో ఆ రైలెక్కడం నామోషీ, బస్సు కోసం అమ్మతో దెబ్బలాట. పిల్లల తల్లినయ్యాక మళ్ళీ అదే రైలు కావలసి వచ్చింది. మెల్లగా పోతుంది, పిల్లలు పడిపోరు, కాశీనగరం దగ్గర వేడి వేడిగా ఏదో ఒకటి కొనిపెట్టవచ్చు. 2004లో బ్రాడ్‌గేజ్ కోసం దాన్ని ఆపేశారు, 2011లో పెద్ద రైలు వచ్చింది. వేగంగా ఉంది, బాగుంది, నాకేమీ ఫిర్యాదు లేదు.

నా సిద్ధాంతానికి లొంగని మనిషి ఒకరున్నారు. మా చిన్నత్త. చిన్నప్పుడే భర్త పోయి గుణుపురంలో ఉండిపోయింది. ఒక్కొక్క దశలో ఒక్కొక్క పని చేసింది. కుట్టుమిషను, అంగన్‌వాడీ వంట, చివరికి అన్నగారి పిల్లల పెంపకం. పని మారినా ఆవిడ వెంట్రుకవాసి మారలేదు. నేను అయిదేళ్ళ పిల్లగా గవ్వలాడినప్పుడు ఎలా మోసం చేసిందో, ఎనభై దాటాక మా మనవరాలితో ఆడినప్పుడూ అలాగే చేసింది. పట్టుకుంటే అప్పుడూ ఒకటే మాట, ఇప్పుడూ ఒకటే మాట: "కళ్ళు కనపడవే నాకు." అయిదు దశాబ్దాల కిందట ఆవిడ కళ్ళకు ఏ లోపమూ లేదు.

నాన్న మాత్రం మారారు. 58 ఏళ్ళకు ఉద్యోగం అయిపోగానే మొదటి ఏడు ఇల్లంతా తనిఖీ చేశారు. ఎవరు ఎన్ని గంటలకు లేచారు, పాలవాడు ఎన్ని నిమిషాలు ఆలస్యం, అన్నీ ఒక నోటు పుస్తకంలో రాసేవారు. పుస్తకం అయిపోయింది, దాన్ని ఎవరూ చదవలేదు, రెండోది కొనలేదు. ఆ తర్వాత మొక్కలు, ఆ తర్వాత మనవలు. 1992లో మా పెద్దవాడికి పాలపళ్ళు ఊడుతున్నాయి, నాన్నకు గట్టిపళ్ళు కదులుతున్నాయి. తాతా మనవడూ అద్దం ముందు నిలబడి ఎవరి చిగుళ్ళు ఎంత ఖాళీగా ఉన్నాయో చూసుకునేవారు. పిల్లవాడు ఊడిన పన్ను ఇంటికప్పు మీదికి విసిరితే, వైద్యుడు పీకి ఇచ్చిన తన పన్ను నాన్న కూడా తెచ్చి విసిరారు. "నీకు రాదు తాతా" అన్నాడు వీడు. "నీకు వచ్చాక చెప్పు, చూద్దాం" అన్నారు నాన్న. నా చిన్నప్పుడు పన్ను ఊడితే, నవ్వావంటే తంతానన్న మనిషి ఆయనే. ఆ ఏడే అక్టోబర్ 2న గంజాం జిల్లాలోంచి గజపతి జిల్లాను విడదీసి మా ఊరిని ముఖ్యపట్టణం చేశారు. "కదలకుండా కూర్చున్నవాడికి ఇన్ని చిరునామాలు" అని నాన్న ఆ రోజంతా నవ్వుకున్నారు.

ఎనభై దాటాక సహస్ర చంద్ర దర్శనం చేయిద్దామని తమ్ముడు అన్నాడు. పురోహితుడు చెప్పిన తేదీ నాన్నకు నచ్చలేదు. గుమాస్తా బుద్ధి మళ్ళీ లేచింది. కాగితం, పెన్సిలు అడిగారు. ఏడాదికి పన్నెండు పున్నములు. పందొమ్మిదేళ్ళకు ఏడు అధిక మాసాలు. అంటే పందొమ్మిదేళ్ళకు 235 పున్నములు. వెయ్యి పూర్తి కావాలంటే ఎనభై ఏళ్ళ పది నెలలు. మూడు పేజీల లెక్క. ఉద్యోగమంతా ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ చేసిన మనిషి, ఆ లెక్క మాత్రం పెదవులు కదుపుతూ తెలుగు ఎక్కాలతోనే వేశారు. మొదట నేర్చిన ఎక్కాలు అవే కదా. పురోహితుడు ఒప్పుకోలేదు, నాన్న తగ్గలేదు. వేడుక ఎప్పుడు చేశామన్నది పక్కన పెడితే, నాన్నను అంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు.

బరంపురంలో మనిషి వయసు చూడడానికి ఇంకొక వీలు ఉంది, ఠకురాణి యాత్ర. రెండేళ్ళకొకసారి చైత్రంలో బుఢీ ఠకురాణి అమ్మవారు మా వీధులకు పుట్టింటికి వచ్చినట్టు వస్తుంది. నేతవాళ్ళ కులపెద్ద అయిన దేశి బెహరా, ఆయన భార్యే ఆమెకు తల్లిదండ్రులు. రాత్రిళ్ళు ఘటాల ఊరేగింపు, మొక్కున్నవాళ్ళు కట్టే వేషాలు. ఏటేటా జరిగే పండుగలో మనుషుల మార్పు తెలియదు, రెండేళ్ళ ఎడం ఉంటే ఇట్టే పట్టిస్తుంది. మా ఆయనకు చిన్నప్పుడు జబ్బు చేస్తే అత్తగారు పులి వేషం మొక్కుకున్నారు. నా పెళ్ళయిన కొత్తలో ఆయన ఒంటినిండా పసుపు రంగు, నల్ల చారలు పూయించుకుని డప్పు వెంట ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఆడితే, ఈ మనిషినా నేను కట్టుకున్నది అని గుండెలు అదిరాయి. కొన్ని యాత్రల తర్వాత మలుపు దగ్గర ఆగి మజ్జిగ అడిగారు. ఆ తర్వాత మా అబ్బాయికి చారలు ఆయనే గీశారు, పంక్తి తప్పకుండా, అంచు నేసినంత శ్రద్ధగా. ఆ రోజుల్లో మావయ్యగారు అరుగు మీద కుర్చీలో ఉండేవారు. చెవుడు వస్తే సన్నని శబ్దాలే ముందు పోతాయి, పిల్లల గొంతులు అందవు. డప్పు మాత్రం బాగానే వినిపించేది. మనవలు పక్కన నిలబడి "తాతయ్యా" అంటే పలికేవారు కాదు కానీ వీధి చివర దెబ్బ తప్పితే తిట్టేవారు.

ఇప్పుడు మా ఇంట్లో మగ్గం లేదు. మరిది చాలా ఏళ్ళ కిందటే సూరత్ పవర్‌లూములకు వెళ్ళిపోయాడు. మా గంజాం జిల్లా నుంచి వెళ్ళనివాళ్ళు తక్కువ. మా అబ్బాయి భువనేశ్వర్‌లో కంప్యూటర్ ఉద్యోగం. బరంపురం పట్టుకు జి.ఐ., అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది, నేసే ఇళ్ళు మాత్రం తగ్గిపోయాయి. గుంట పూడ్చి గచ్చు చేయించినప్పుడు అందరూ మగ్గం పోయిందనే బాధపడ్డారు. రాట్నం సంగతి ఎవరూ ఆలోచించలేదు. మగ్గం దిగిన మగవాడు వచ్చి కూర్చోవలసిన చోటు అది. వీధిలో మా ఆయన ఈడువాళ్ళంతా అరుగుల మీద చేరి, ఫోను చూసుకుంటూ, ఒకరిమీద ఒకరు విసుక్కుంటూ ఉంటారు. వాళ్ళ స్వభావాలు పాడైపోయాయని కోడళ్ళు అంటారు. చేతులు ఊరికే ఉన్నాయి కదా అంటాను నేను.

మా ఆయన కూడా కొన్నాళ్ళు అలాగే ఉన్నారు. నాకు మోకాళ్ళ నొప్పులు ముదిరి పొయ్యి దగ్గర నిలబడలేని పరిస్థితి వచ్చాక, ఒకరోజు తనే పప్పు వేశారు. మర్నాడు చారు. ఇప్పుడు వంటిల్లు పూర్తిగా ఆయనదే. బజారులో వంకాయ గిల్లి చూసి బేరమాడతారు, పోపు గింజల సీసాలకు పేర్లు రాసి అంటించారు. నేను కాఫీకి లేస్తే వెనకాలే వచ్చి పాలగిన్నె మూత పెట్టానా లేదా అని చూస్తారు. నెయ్యి ఎక్కువ వేసుకుంటే కంచం వంక చూస్తారు. ఒకటే గొడవ మాకు. వయసుతో నాలుకకు రుచి తగ్గుతుంది, ఉప్పు చాలినా చాలనట్టే ఉంటుంది. నిన్న కూరలో మళ్ళీ ఎక్కువైంది. నాకు రక్తపోటు ఉందయ్యా అంటే, "నీ నాలుక చెడిపోయింది, వంట చేసినవాడిని నేను" అన్నారు. ఆదివారం అబ్బాయి, కోడలు, మనవరాలు వస్తున్నారు. ఉప్పు సంగతి ఆ పిల్ల నోటితోనే తేల్చుకుందామని పందెం వేసుకున్నాం.